నలుగురు సింహాచలాలు, ఒక వీధి బోర్డు

మునిసిపాలిటీలో పేర్లు రాసే పనికి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు ఇప్పుడు కుంచె అక్కర్లేదు. కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు కొడితే ఫ్లెక్సు బయటికి వస్తుంది. రాయి మీద చెక్కేది కూడా మిషనే. మంచిదే. నా నడుము నిచ్చెన మీద పోయింది, మీది కుర్చీలో పోతుంది. కానీ పని మారిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎవరో ఒక కాయితం తెచ్చి మీ ముందు పెడతారు. దాని మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరు ఊరందరికీ కనబడేలా మీరు పెట్టాలి. అది ఎవరి పేరని అడిగే హక్కు మీకు ఉందని ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

నేను ఏ ఏడు పర్మినెంటు అయ్యాను, ఏ ఆఫీసరు నా ఇంక్రిమెంటు ఆపాడు, ఇవేమీ రాయను. అవన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, ఆ పుస్తకాన్ని చెదలు చదువుకుంటున్నాయి. ఊరి పేరు కూడా రాయను. కొరాపుట్ జిల్లాలో, జయపురానికి బస్సు దూరంలో ఉన్న ఊరని అనుకుంటే చాలు. ఈ కథలో సంతకాలు పెట్టినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ బజారులో నాకు నమస్కారం పెడతారు. ఆ నమస్కారాలు వాళ్ళకే ఉంచుతున్నాను.

నేను బడిలో చదివింది మూడో తరగతి దాకా. ఒడియా అక్షరాలు రాయగడలో బస్సుల నుదుటి మీద నేర్చుకున్నాను. ‘జయపురం, వయా లక్ష్మీపూర్’ అని ఎన్ని బస్సులకు రాశానో లెక్కలేదు. ఇంగ్లీషు గూడ్సు డబ్బాల మీద చూసి నేర్చుకున్నాను. తెలుగు మా గురువు పోలయ్య వెనక నిలబడి, ఆయన మణికట్టు ఎటు తిరుగుతుందో చూసి నేర్చుకున్నాను. కాబట్టి నా భాషలో తప్పులుంటాయి. వాటికి క్షమాపణ చెప్పను. క్షమాపణ చెప్పాల్సిన తప్పు వేరే ఉంది.

పేరుకు ముందున్న ముక్క

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి కూలికీ ఉద్యోగానికీ వ్యాపారానికీ ఈ కొండల్లోకి ఎక్కి వచ్చిన కుటుంబాలు మావి. కడుపున బిడ్డ నిలవకపోతే సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటాం. నిలిచిన బిడ్డకు ఆ కొండ పేరే పెడతాం. మగపిల్లాడైనా సింహాచలమే, ఆడపిల్లైనా సింహాచలమే. మా పేటలో నిలబడి ఆ పేరు గట్టిగా పిలిస్తే ముగ్గురు పలుకుతారు, నాలుగో ఇంట్లోంచి ఒక ముసలమ్మ ‘ఏటీ’ అంటుంది.

అందుకని పేరుకు ముందు ఒక ముక్క తగిలిస్తాం. అది ఇంటి పేరు కాదు, మనిషి చేసే పని. ఆ ముక్కే అసలు పేరు. వెనకాల ఉన్నది దేవుడిది. నన్ను బోర్డుల నారాయణ అంటారు. ముందు ముక్క తీసేస్తే నన్ను నా చెల్లెలు కూడా పోల్చుకోలేదు.

నా కాలంలో పేరు మోసిన సింహాచలాలు నలుగురు. రాయగడలో పహిల్వాను సింహాచలం. ఆయన తాలింఖానాలో, అంటే కుస్తీ గోదాలో, కర్ర పట్టుకుంటే అవతలివాడు ముందే చెప్పులు వెతుక్కునేవాడు. గుడారి వైపు మంత్రసాని సింహాచలం. ఆమె ఆడమనిషి. వాగులు పొంగే రోజుల్లో తలమీద బట్టలమూట పెట్టుకుని గెడ్డ దాటి కాన్పులకు వెళ్ళేది. ఇక మా ఊళ్ళో ఇద్దరు. బియ్యం మిల్లు నడిపిన మిల్లు సింహాచలం ఒకరు. మునిసిపాలిటీలో మురుగు కాలువలు తీసే గ్యాంగుకు మేస్త్రీగా ఉన్న కాలువల సింహాచలం మరొకరు.

నలుగురూ తమ తమ పనుల్లో గొప్పవాళ్ళే. ఊరికి తేడా తెలుసు. తేడా తెలియనిది కాయితాలకే.

గుడారిలో తిన్న చీవాట్లు

మొదట గుడారి సంగతి చెబుతాను. అక్కడ నేర్చుకున్న పాఠాన్నే తర్వాత నేను పాడుచేశాను.

మునిసిపాలిటీలో చేరకముందు, నేనింకా పోలయ్య గారి దగ్గరే ఉన్న రోజులు. గుడారిలో ఒక సంఘం వాళ్ళు పదిమంది పెద్దలకు సన్మానం పెట్టారు. గుడ్డ బ్యానరు మీద పది పేర్లు రాయమని చీటీ పంపారు. అందులో ‘సింహాచలం’ అని ఉంది. నేను అన్నిటికీ ముందు ‘శ్రీ’ పెట్టుకుంటూ పోయాను. సభలో ఆ పేరు చదవగానే ఒక ముసలామె లేచి వేదిక ఎక్కింది. సన్మానం చేయడానికి వచ్చిన ఆఫీసరు శాలువా చేతిలో పట్టుకుని, ఆమె వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

“మీ ఆయన రాలేదా అమ్మా?” అన్నాడు.

“ఆయనెందుకు బాబూ? ఆయన కాన్పులు సెయ్యలేదు. నాను సేసేను,” అంది ఆమె. తర్వాత బ్యానరు వైపు తిరిగి, “ఏటి రాసేరు దాని మీద?” అని అడిగింది. ఎవరో చదివి చెప్పారు. “ఐతే ఆ శ్రీని కూడా నానే పుట్టించి ఉంటాను. బొడ్డు కోసింది గ్యాపకం లేదు,” అంది. సభ పగలబడి నవ్వింది.

పోలయ్య గారు నవ్వలేదు. తిరుగు బస్సులో నా చెవి పట్టుకున్నారు. “ఎదవా, పేరు రాసే ముందు మనిషిని సూడాల. మనిషి లేకపోతే మనిషింటికెల్లాల. ఇంట్లో ఎవులూ లేకపోతే ఈదిలో అడగాల. కాయితం గుడ్డిది. నీకు కల్లున్నాయి గందా?”

వృత్తి అంతా ఆ మాటలోనే ఉంది. మిగతాది ఎనామిలూ కిరసనాయిలూ.

సింహాచలం అన్న మూసిన వాల్వు

మునిసిపాలిటీలో కాలువల సింహాచలాన్ని నేను అన్నా అనేవాణ్ణి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. పొట్టి మనిషి, మెడ లేనట్టు ఉండేవాడు. ఊళ్ళో ఏ కాలువ ఏ ఇంటి కింద నుంచి పోతుందో ఇంజనీరు మ్యాపులో ఉండేది కాదు, ఆయన కాళ్ళలో ఉండేది.

ఒక వానాకాలం మా పేట వెనక వీధిలో వాంతులు, బేదులు పట్టుకున్నాయి. మొదట ఇద్దరు ముసలివాళ్ళు పోయారు, తర్వాత ఒక పసిబిడ్డ. ఆఫీసు వాళ్ళు వచ్చి సంతలో కొన్న ఎండుచేపలు తినవద్దని మైకులో చెప్పి వెళ్ళిపోయారు. సింహాచలం అన్న పెయింటు గది దగ్గరకు వచ్చాడు.

“నారాయణా, నీల్లల్లో కరిగే రంగు ఉందేట్రా? గోడకి కొట్టేది కాదు, కరిగేది.”

“ఎందుకన్నా?”

“కాలవకి హోళీ ఆడిస్తాను. ఇయ్యి.”

సున్నంలో కలిపే గులాబీ రంగు పొడి ఒక డబ్బా మిగిలి ఉంది, ఇచ్చాను. కుళాయి కట్టేసిన తర్వాత ఆయన ఆ పొడి తీసుకెళ్ళి ఆ వీధి మురుగు కాలువలో కలిపాడు. మర్నాడు పొద్దున్న కుళాయి వదిలారు. మొదటి బిందె గులాబీ రంగులో నిండింది. మంచినీళ్ళ గొట్టం మురుగు కాలువలోంచే పోతోంది, అతుకు విడిపోయింది, నీళ్ళు ఆగినప్పుడల్లా మురుగు లోపలికి పీల్చుకుంటోంది. ఇంతే సంగతి. దీన్ని కనిపెట్టడానికి ఆయనకు అయిన ఖర్చు నా డబ్బా రంగు.

ఆ బిందె ఎత్తుకుని ఓవర్సీరు దగ్గరికి వెళ్ళాడు. వెనకాల నేనూ వెళ్ళాను. ఓవర్సీరు బిందెలోకి చూసి, “పైన చెబుతాను. ఆర్డరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దు,” అన్నాడు. సింహాచలం అన్న “ఆజ్ఞా” అన్నాడు. ఇక్కడ అయ్యా అనడానికి అదే మాట. అని, నేరుగా వెళ్ళి ఆ వీధి వాల్వు మూసేసి, గొయ్యి మీద ఇనప మూత వేసి దాని మీద కూర్చున్నాడు.

ఆర్డరు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆయన లేవలేదంటే నమ్మండి. అన్నం అక్కడే. వాన పడితే గోనెసంచి నెత్తిన వేసుకున్నాడు. ఆయన గ్యాంగు మనుషులు చెత్త ఎత్తే బండిని కడిగి, దాని మీద డ్రమ్ములు పెట్టి ఊట దగ్గర నుంచి నీళ్ళు తెచ్చి వీధికి పోశారు. ఆ నీళ్ళు చాలేవి కావు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చి మీద పడ్డారు.

“లెగు సిమ్మాచలం! మురుగు తీసుకునీవోడివి, నీళ్ళ మీద నీకేటి పెత్తనం?”

“మీ ఇంట్లో సొమ్మేటి ఆ కులాయి? లెగుతావా, బిందెట్టి కొట్టీమన్నావా?”

ఆయన మూత మీద చతికిలబడి ఒకే మాట అనేవాడు. “తిట్టండమ్మా, తిట్టండి. బతికున్నోలే తిట్టగల్రు.”

నాలుగో రోజు గొట్టం బాగుచేశారు. వారానికి ఆ వీధిలో జబ్బుపడ్డవాళ్ళంతా మంచాల మీంచి లేచారు. ఆయనకు దొరికింది ఒక మెమో. ఉత్తర్వు లేకుండా మంచినీటి సరఫరా నిలిపివేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని. దాని మీద ఆయన వేలిముద్ర వేశాడు. తిట్టిన ఆడవాళ్ళే ఆ తర్వాత ఆయన ఇంటికి కూరలు పంపేవారు. అంతకు మించి ఊరు ఏమీ చేయలేదు.

నేను పెట్టిన గౌరవం

రిటైరు కాకముందే కామెర్లతో పోయాడు సింహాచలం అన్న. అప్పుడు ఆ వీధి వాళ్ళకు బుద్ధి వచ్చింది. అందరూ కలిసి కౌన్సిలరును పట్టుకుని, వీధికి ఆయన పేరు పెట్టించారు. తీర్మానం కాయితం మా బడబాబు, అంటే హెడ్డు గుమాస్తా, నా చేతికి ఇచ్చాడు. దాని మీద ‘సింహాచలం వీధి’ అని ఉంది. అంతే. తండ్రి పేరు లేదు, పని లేదు. రాసినవాళ్ళకు అప్పుడు అక్కర్లేకపోయింది. ఎవరి గురించో ఊరందరికీ తెలుసు కదా!

రేకుకు రెండు పూతలు వేసి, చాక్ దారంతో గీతలు కొట్టి కూర్చున్నాను. ఏం రాయాలి? ఊరు ఆయన్ని కాలువల సింహాచలం అంటుంది. ఆ ముక్క రాస్తే ఏమిటి? ‘కాలువల’ అని వీధి మొగలో ఎనామిలుతో రాస్తే, చచ్చిన తర్వాత కూడా ఆయన్ని మురుగులోనే నిలబెట్టినట్టు ఉంటుందనుకున్నాను. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఒక్క ఆఫీసరూ ‘మీరు’ అనలేదు. కనీసం రేకు మీదైనా అందాం అనుకున్నాను.

ఆయన కూతురు పైడమ్మకు అప్పుడు పదకొండేళ్ళుంటాయి. పెయింటు గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“సిన్నాన్నా, కాలవల అని రాయవేటి?”

“ఎందుకమ్మీ అది? రేపు బడిలో పిల్లలు ఎక్కిరిస్తారు.”

“ఇప్పుడూ ఎక్కిరిస్తన్నారు.”

“మరి?”

“మరేటి? అలా అంటేనే గదా మా నాన్నని తెలుస్తాది. లేకపోతే ఎవల సిమ్మాచలమో ఏటో.”

“పెద్దోలు సెప్తే ఇనాలి. ఎల్లు,” అన్నాను.

మూడు లిపుల్లో రాశాను. పైన ఒడియా, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. ‘శ్రీ సింహాచలం గారి వీధి’. నా జీవితంలో అంత నిటారుగా అక్షరాలు నిలబెట్టలేదు. బోర్డు బిగించే రోజు ఆయన భార్య నూకాలమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు.

“ఏటి రాసేవు మరిదీ?”

చదివి చెప్పాను.

“గారా? మా ఆయనకే?” అంది. గారు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే వేలితో తడిమింది. పెయింటు ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు, అలాగే ఇంటికి వెళ్ళింది. నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది. ఊళ్ళో ఉద్యోగులంతా చేసిన తప్పు నేనొక్కణ్ణే దిద్దానని అనుకున్నాను.

అదే రోజు మిల్లు సింహాచలం గారు రిక్షా ఆపి బోర్డు చూశారు. ఆ వీధి మొగలోనే వాళ్ళ గిడ్డంగి.

“ఏట్రా నారాయణా, బతికుండగానే నన్ను ఈది సేసీసేవు?”

“మీరు కాదు బాబూ, కాలవల...”

“తెలుసురా, నవ్వులాటకన్నాను. ఆడికి పెట్టాల్సిందే. ఆ యేడు ఆడు మూత మీద కూకోకపోతే మా కలాసీలు సగంమంది పోదురు.”

ఆయన నిజాయితీపరుడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ మాట ఆయన చేత కాయితం మీద రాయించుకోలేదే అన్నది మాత్రం ఉంది. కానీ బతికున్న మనిషి నోటితో ఒప్పుకున్నదాన్ని కాయితం మీద రాయించుకునే అలవాటు మాకు లేదు.

మెల్లగా చేతులు మారిన వీధి

మిల్లు సింహాచలం గారు పోయారు. వాల్వు కథ తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నూకాలమ్మ పోయింది. కొందరు ఇళ్ళు అమ్ముకుని విజయనగరం వెళ్ళిపోయారు. వాళ్ళ ఇళ్ళలోకి నందపూర్ నుంచి, సునాబెడ నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళకు వీధి మొగలో కనిపించేది రెండే. ఒకటి ‘శ్రీ సింహాచలం గారి వీధి’ అని నా బోర్డు. దాని వెనక ‘సింహాచలం అండ్ సన్స్’ అని గిడ్డంగి. రెండూ కలిపి చదువుకున్నారు. వాళ్ళ తప్పేముంది? ఆటోవాళ్ళు మిల్లు సింహాచలం వీధి అనడం మొదలుపెట్టారు.

నాకు అది వినబడింది. ఒకసారి ఆటోవాడితో గొడవపడ్డాను కూడా. “ఏదైతే ఏటి తాతా, దిగాల్సింది అక్కడే గదా?” అన్నాడు. అక్కడితో ఊరుకున్నాను. అప్పటికి నా సర్వీసు ఇంకా ఉంది, నిచ్చెన ఉంది, పెయింటు ఉంది. ఒక్క ముక్క చేర్చడానికి అరగంట పని. ఆర్డరు లేదు కదా అనుకున్నాను. అవును, నేనే. ఆర్డరు లేకుండా వాల్వు మూసిన మనిషి బోర్డుకు ఆర్డరు లేదని ఊరుకున్నవాణ్ణి నేను.

నేను రిటైరయ్యాక రేకు బోర్డులన్నీ పీకేసి రాతి పలకలు పెడుతున్నారని తెలిసింది. మిల్లువారి కొడుకులు తమ వీధికి రాయి తామే చేయిస్తామని ముందుకు వచ్చారు. పైన తండ్రి ముఖం, కింద నాలుగు మాటలు. వ్యాపారవేత్త, దాత, అంటురోగం ప్రబలిన రోజుల్లో వీధి ప్రజలకు మంచినీరు అందించి ఆదుకున్న మహనీయుడు. ఆ చివరి మాట వాళ్ళు కావాలని దొంగిలించారో, ‘సింహాచలం అనే ఆయన నీళ్ళ విషయంలో ఏదో చేశాడు’ అని ఎవరో చెబితే తమ తండ్రే అనుకున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. దొంగతనమైనా పొరపాటైనా రాయి ఒకటే.

టేబులు మీద పాత రేకు

పైడమ్మ ఇప్పుడు నలభై దాటిన మనిషి. అదే మునిసిపాలిటీలో, తండ్రి పనిచేసిన పారిశుద్ధ్యం సెక్షనులోనే ఉద్యోగం. ఒక పొద్దున్న యూనిఫారంలోనే మా ఇంటికి వచ్చింది.

“సిన్నాన్నా, ఈది పేరు మా నాన్నదని అర్జీ పెట్టేను, ఆఫీసరు రమ్మన్నాడు. బోర్డు రాసింది నువ్వే గదా, నువ్వు సెప్తే ఇంటాడు. మా నాన్నకి ఇల్లు లేదు, పొలం లేదు. ఈ ఈది ఒకటే మిగిలింది. పద.”

కొత్త ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు కుర్రవాడు. మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేయించాడు. పైడమ్మకు వేయించలేదు, ఆమె నిలబడే ఉంది. టేబులు మీద నా పాత రేకు ఉంది, స్టోరు నుంచి తెప్పించారు. అంచులు తుప్పు పట్టాయి, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. మాటలన్నీ ఒడియాలో జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

పైడమ్మ ముందు తన కాయితం తీసింది. తండ్రికి ఇచ్చిన మెమో. ఇన్నేళ్ళూ పెట్టె అడుగున దాచింది. ఆఫీసరు రెండుసార్లు చదివాడు.

“దీని ప్రకారం మీ నాన్న నీళ్ళు ఆపేశాడు. రాయి మీద ఉండబోయేది నీళ్ళు ఇచ్చినాయన గురించి,” అన్నాడు.

“ఆపేడు కాబట్టే బతికేరు బాబూ.”

“అది ఇందులో లేదు కదా?”

తర్వాత నా వైపు తిరిగాడు. “ఈ చేతిరాత మీదేనా?”

“నాదే ఆజ్ఞా.”

“తీర్మానంలో ‘సింహాచలం వీధి’ అని మాత్రమే ఉంది. ఇక్కడ ముందు శ్రీ ఉంది. వెనకాల తెలుగులో ఇంకేదో ఉంది. అదేమిటి?”

ఇప్పటి బడబాబుకు బజారు తెలుగు వచ్చు. “గారు ఆజ్ఞా. తెలుగువాళ్ళు పెద్దమనుషులకు పెట్టేది,” అన్నాడు.

“అది ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరూ అనలేదు. నేనే పెట్టాను.”

“మీ ఆఫీసులో ఆ రోజుల్లో కాలువల పనివాళ్ళను అలా పిలిచేవారా?”

“లేదు.”

“ఒక్కరినైనా?”

“లేదు ఆజ్ఞా.”

“మిల్లు యజమానిని?”

బడబాబు అందుకున్నాడు. “ఆయన్ని ఊరంతా గారు అనే అనేది.”

పైడమ్మ టేబులు అంచు పట్టుకుంది. “మా నాన్న మీద గౌరవంతో పెట్టేడు బాబూ ఈయన. నాను పక్కనే ఉన్నాను, సిన్నపిల్లని.”

ఆ కుర్రవాడు రేకు వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “గౌరవం ఉంటే ఆయన చేసిన పని రాసేవారు కదమ్మా?”

కాలువలు తీసేవాడికి గారు ఉండదని ఆఫీసు అనుకుంది. గారు పక్కన కాలువలు ఉండకూడదని నేను అనుకున్నాను. రెండూ ఒకే జబ్బు. వాళ్ళది పైకి కనబడింది, నాది మర్యాదలా కనబడింది, అంతే. అయినా వాల్వు సంగతంతా నాకు గుర్తున్నంత చెప్పాను. రంగు పొడి, గులాబీ బిందె, మూడు రోజులు. ఆఫీసరు రాసుకున్నాడు. నోటిమాట మీద తీర్మానం మార్చలేం, ఆధారం చూపండి అన్నాడు. ఆధారం టేబులు మీద నా చేతిరాతతో ఉంది, అది అవతలివాళ్ళ పక్షాన ఉంది.

బయటికి వచ్చాక మెట్ల మీద పైడమ్మ ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“సిన్నాన్నా, ఒక మాటడుగుతాను, నిజం సెప్పు. ఆ రోజు గారు రాసింది మా నాన్నకేనా?”

“అమ్మీ! అదేటి మాట? మీ అమ్మకి నాను సదివి సెప్పలేదేటి?”

“సెప్పేవు. అందుకే అడుగుతన్నాను. మా అమ్మకి సదువు రాదు గదా.”

ఒట్టు పెట్టాను. ఆమె “సరే” అంది. నమ్మిందని చెప్పలేను. కళ్ళ ముందు చూసినదాన్నే ఆమె అనుమానించే స్థితికి తెచ్చాం, ఆఫీసూ నేనూ కలిసి.

రాయి పెట్టిన రోజు

పిల్లలూ, మీరు మంచివాళ్ళై ఉండవచ్చు. దానితో ఈ పనికి ఏమీ ఒరగదు. నేను చెడ్డవాణ్ణై ‘కాలువల’ వదిలేయలేదు. మనిషి పేరు రాసేటప్పుడు మీకు నచ్చిన గౌరవం ఇవ్వకండి. ఆ మనిషి ఇంట్లోవాళ్ళు ఏ పేరు తమదంటారో ఆ పేరు రాయండి. పదకొండేళ్ళ పిల్ల చెప్పినా వినండి. ఇంతకంటే నాకు తెలిసింది లేదు. దీన్ని కూడా నేను సమయానికి పాటించినవాణ్ణి కాదు.

రాయి ఆవిష్కరణకు వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. షామియానా, కుర్చీలు, మైకు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మునిసిపాలిటీ చేసే మొదటి పని దారికి రెండు వైపులా బ్లీచింగ్ పౌడరుతో తెల్లగీతలు వేయించడం. ఆ డ్యూటీ పైడమ్మకు పడింది. ఎవరూ కక్షతో వేయలేదు, డ్యూటీ చార్టులో ఆ రోజు ఆమె వంతు. గంప చంకన పెట్టుకుని వీధి మొగ నుంచి గీత వేసుకుంటూ రాయి దగ్గరికి వచ్చేసరికి ముఖ్య అతిథి కారు ముందుగానే వచ్చేసింది.

ఆయన కలుపుగోలు మనిషి. అందరితో మాట్లాడుతున్నాడు, ఆమెతో కూడా మాట్లాడాడు. “నీ పేరేమిటమ్మా?”

“పైడమ్మ, బాబూ. కాలవల సిమ్మాచలం కూతుర్ని.” ఆమె గట్టిగానే అంది. నాకు వినబడింది, మిల్లువారి అబ్బాయికి వినబడింది, బడబాబుకు వినబడింది.

ముఖ్య అతిథి రాయి వైపు చూసి, ఆమె వైపు చూసి సంతోషంగా నవ్వాడు. “ఓహో, మీ నాన్నదీ ఇదే పేరా! చాలా మంచి పేరు.”

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. నాకు ఉద్యోగం లేదు, ఆపడానికి ఇంక్రిమెంటు లేదు, చేతిలో పించను ఉంది, నోట్లో నాలుక ఉంది. ఎవరికి భయపడ్డానో ఇవాళ్టికీ తెలియదు. పైడమ్మ నా వైపు చూసింది. నేను ముందుకు వస్తానేమోనని కాసేపు అలాగే చూసింది.

తర్వాత, “అవును బాబూ, ఇదే పేరు,” అంది. వంగి, రాయి చుట్టూ మిగిలిపోయిన తెల్లగీత పూర్తి చేసి, గంప ఎత్తుకుని పక్క వీధిలోకి వెళ్ళిపోయింది.